తడిగుడ్డలో ఆకులు

పోయిన శనివారం సాయంత్రం నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే మా అమ్మాయి నా ఫోన్ తీసుకొచ్చి గట్టు మీద పెట్టింది.

"అమ్మా, ఇందులో రేడియో స్టేషన్లన్నీ వస్తాయి. నీకేది కావాలో చెప్పు, పెడతాను."

చెప్పాను. వేలితో ఏదో తట్టింది, అంతే, తంబూరా వినిపించింది. ఆ వెనకే అనౌన్సరు గొంతు. పాడబోయే ఆవిడ పేరు వినగానే నేను చెయ్యి కడుక్కున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. సంగీతం వినేవాళ్లకి తెలిసిన పేరే.

ఫోనుకి వాసన లేదు. మా తాతగారి రేడియోకి ఉండేది. స్విచ్ వేశాక లోపలి దీపాలు వేడెక్కేదాకా అది పలికేది కాదు. ఆ కాస్సేపట్లో వేడెక్కిన దుమ్మూ, పాత టేకు పెట్టే కలిసి ఒక వాసన వచ్చేది. గుడిలో తెర తీసేముందు జనం నిలబడ్డట్టు మేమంతా ఆ వాసన పీలుస్తూ కూర్చునేవాళ్లం.

మా ఊరు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలువ గట్టు మీద. ఊళ్లో మా ఇంటిని దివాణం అనేవారు. నేను పుట్టేనాటికే పొలాలు పోయాయి. నాకు ఊహ తెలిసేసరికి దివాణమూ పోయింది. మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు తవ్వి పైకొచ్చిన ఒక కుటుంబం కొనుక్కుంది. మాకు మిగిలింది పెరటివైపు ఉన్న కచేరీ సావిడి. ఒకప్పుడు దసరాలకి వచ్చే విద్వాంసులు అందులోనే బస చేసి అందులోనే పాడేవారట. వాళ్లు కూర్చోవడానికి కట్టిన చిన్న వేదిక గోడవార అలాగే ఉండేది. దాని మీద మా రేడియో. ఎదురుగా తాతగారి పడక కుర్చీ. మా నాన్నగారు ఉద్యోగం మీద అమ్మతో వేరే ఊళ్లో ఉండేవారు. నేను తాతగారి దగ్గర, నాయనమ్మ దగ్గర పెరిగాను.

"చివరికి పాటగాళ్ల విడిదిలో కాపురం పెట్టాం" అని నాయనమ్మ అప్పుడప్పుడూ నిట్టూర్చేది.

"కాపురం కాదు, కాపలా" అనేవారు తాతగారు. ఆయన నడుము ఎప్పుడూ కుర్చీకి ఆనేది కాదు. పడక కుర్చీలో కూడా నిటారుగా కూర్చోగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మాకు వారాలు పంచాంగాన్ని బట్టి కాదు, రేడియోని బట్టి నడిచేవి. సోమవారం వయొలిన్. ఆ రోజు తాతగారికి పొద్దుటి నుంచీ చిరాకే, వయొలిన్ ఆయనకి పిల్లల పేచీలా వినిపించేదట. అయినా వినడం మానేవారు కాదు. మంగళవారం వీణ కాబట్టి పోపు చిటపటలు వినపడకుండా నాయనమ్మ వంట ముందే ముగించేది. బుధవారం పెద్దవాళ్ల గాత్రం. గురువారం తత్వాలూ, లలిత గీతాలూ, పల్లె పాటలూ కలిపి వేసేవారు. అది నాయనమ్మ రోజు. తాతగారు కండువా దులుపుకుని కాలువ గట్టుకి వెళ్లిపోయేవారు. ఆయన అటు వెళ్లగానే నేను ముల్లు తిప్పి సినిమా పాటలు పెట్టేదాన్ని. నాయనమ్మ కంద బచ్చలి తరుగుతూ చూసీ చూడనట్టు ఊరుకునేది. శుక్రవారం నాదస్వరం. శనివారం సాయంత్రం కొత్త గొంతులు. శనివారాలు తాతగారు ఒంటిపూట ఉండేవారు, సాయంత్రానికి దిబ్బరొట్టె. మూకుట్లో రొట్టె అంచు ఎర్రగా కాలే వాసనా, రేడియోలో ఎవరో కొత్త పిల్ల గొంతు వణుకూ నాకు ఇప్పటికీ కలిసే గుర్తొస్తాయి. ఆదివారం పొద్దున సంగీత పాఠం. ఒక టీచరుగారు పాటని ముక్కలు చేసి చెప్పేవారు. నేను పెట్టె ఎదురుగా కూర్చుని తిరిగి పాడేదాన్ని. ఆ పెట్టె నా తప్పులు దిద్దేది కాదు.

వినడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పూర్వం ఆ వేదిక మీద ఎవరైనా బాగా పాడితే ఇంటి పెద్ద స్వయంగా తాంబూలం ఇచ్చేవారు. రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక అరటిపండు. శాలువాలూ నగదూ దివాన్‌గారు ఇచ్చేవారట. తాంబూలం మాత్రం ఇంటి పెద్ద చేత్తోనే. మా ఇంటి తాంబూలం పడితే పైఊళ్లలో ఆ విద్వాంసుడికి గౌరవం పెరిగేదట. శాలువాలు పోయాయి, దివాన్‌గారు పోయారు, వెండి పళ్లెం పోయింది. తాతగారు తాంబూలం మాత్రం మానలేదు. ఇత్తడి పళ్లెంలో పెట్టి రేడియో ముందు పెట్టేవారు.

"రేడియో వక్క నములుతుందిటండీ?" అని నాయనమ్మ.

"పాడిన వాళ్లకి చేరుతుంది" అని తాతగారు.

అరటిపండు నాకు చేరేది. అందువల్ల నాకు మొదట్లో ఆ పద్ధతి మీద గొప్ప భక్తి. కానీ అది ఎప్పుడో గాని దొరికేది కాదు. పాట అయిపోయాక తాతగారు కాస్సేపు కళ్లు తెరవరు. తరవాత "బావుంది" అంటారు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "ఆకులు తడిగుడ్డలో పెట్టమ్మా" అంటారు. అంటే తాంబూలం లేదని. ఆకులు వాడకుండా రేపటికి దాచమని. రాష్ట్రమంతా మెచ్చుకున్న వాళ్లని ఆయన ఆ ఒక్క మాటతో పంపేసేవారు. ప్రతి సాయంత్రం ఆకులు కడిగి, తుడిచి, పళ్లెంలో సర్దడం నా పని. చాలా సాయంత్రాలు వాటిని మళ్లీ తడిగుడ్డలో చుట్టడమూ నా పనే.

నేనూ పాట నేర్చుకునేదాన్ని. పాలకొల్లు నుంచి ఒక పంతులుగారు సైకిలు హ్యాండిలుకి గొడుగు తగిలించుకుని వచ్చేవారు. నాకు కావలసింది ఒకటే. ఏదో ఒక రోజు తాతగారు ఆ పళ్లెం ఎత్తి నా చేతికి ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకి ఊరికే ఇవ్వరు. నాయనమ్మ పెళ్లయిన కొత్తలో ఆ సావిట్లో పాడిందట, ఆమెకీ తడిగుడ్డే.

దివాణం కొన్నవాళ్లకి ఒక కూతురు. నాకంటే ఒక క్లాసు చిన్నది. నేను పుట్టిన గదిలో ఆ పిల్ల పడుకునేది. పసితనంలో నన్ను కూర్చోబెట్టిన కిటికీలో కూర్చుని చేగోడీలు తినేది. ఒకనాడు వాళ్లమ్మ కొబ్బరి లౌజు పళ్లెంతో సావిడి గుమ్మం దగ్గర నిలబడింది.

"బాబుగారండీ, మా పిల్లకి పాటంటే పిచ్చండి. పంతులుగారు మీ చిన్నమ్మగారికి చెబుతుంటే గోడవతల నిలబడి వింటోంది. మీరు సరేనంటే చాప చివర కూర్చుంటుందండి."

"సరస్వతికి చివరేంటమ్మా? మధ్యనే కూర్చోమనండి" అన్నారు తాతగారు.

ఆ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు. నా చాప మధ్యలో ఆ పిల్ల వచ్చి కూర్చుంది. తలనూనె వాసన, వాళ్ల వాకిట్లో దించే రొయ్యల మేత వాసన, కొత్త ఓణీ వాసన. నన్ను "అక్కా" అంది. మా ఇంట్లో నాకు చెల్లెళ్లు లేరు అనాలనుకున్నాను గాని అనలేదు.

పంతులుగారు నన్ను "చిన్నమ్మగారు" అనేవారు. ఆ పిల్లని వారం తిరక్కముందే "అమ్మలూ" అనడం మొదలుపెట్టారు. ఆ పిల్ల తాళం తప్పితే మోకాలి మీద ఠపీమని కొట్టేవారు. "ఏంటే అమ్మలూ, గేదె నడకలా ఆ తాళం? మళ్లీ!" అని గదిమేవారు. ఒక్క ముక్క పది రకాలుగా పాడించేవారు. నేను తప్పితే ఒక క్షణం ఆగి, "చిత్తం, ముందుకెళదామండీ" అనేవారు. దివాణం బిడ్డని దిద్దడానికి ఆయనకి నోరు రాలేదు. మర్యాద నాకు, పాఠం ఆ పిల్లకి. ఆ రెంటి తేడా నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. అసూయ ఎక్కడ పుడుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించగలను. నా మోకాలి మీద, దెబ్బ పడని చోట.

ఆ పిల్ల మంచిది. అదే నా బాధ. చెడ్డదయితే నాకు సుఖంగా ఉండేది. గురువారాలు గోడ దూకి వచ్చి నాతో కలిసి సినిమా పాటలు వినేది. తాతగారి చెప్పుల చప్పుడు నాకంటే ముందు ఆ పిల్లకే వినపడేది. చటుక్కున ముల్లు సరిగ్గా పాతచోటికే తిప్పేది. అంత చెవి దానికి. అప్పుడు కూడా, కాపాడినందుకు సంతోషించకుండా ఆ చెవి మీద కుళ్లుకున్నాను.

ఆ ఏడు వానలు తగ్గాక పంతులుగారు మాకు కల్యాణి రాగంలో ఒక కీర్తన మొదలుపెట్టారు. పల్లవిని ప్రతిసారీ కాస్త పెంచి, మలుపు మార్చి పాడతారు. ఆ మలుపుల్ని సంగతులంటారు. ఒక మధ్యాహ్నం పాలుకాయలు వేయిస్తున్న నాయనమ్మ పక్కన కూర్చుని గొణుక్కుంటుంటే నాకొక కొత్త సంగతి తట్టింది. పై షడ్జమం దాకా వెళ్లి, అందుకుంటుందనుకున్న చోట అందుకోకుండా, మెట్టు దిగి చిరునవ్వుతో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ పిల్లకి పాడి చూపించాను. కళ్లు పెద్దవి చేసి, "ఇంకోసారి అక్కా, ఇంకోసారి" అంది. ఎన్నోసార్లు పాడించుకుంది. నా పాటని ఎవరైనా మళ్లీ మళ్లీ అడగడం నాకు అదే మొదలు.

దసరా వెళ్లాక పంతులుగారు చేతులు నలుపుకుంటూ తాతగారి ముందు నిలబడ్డారు.

"రేడియోలో కొత్త గొంతులకి ఆడిషన్ పెడుతున్నారండి. మన పిల్లలిద్దర్నీ పంపుదామని..."

"ఆడిషన్ అంటే?"

"పరీక్షండి. ఓ గదిలో కూర్చుని పాడాలండి. వినేవాళ్లు వేరే గదిలో ఉంటారు, కనపడరు. పాడేది ఎవరో వాళ్లకి తెలీకూడదని పేరు చెప్పరండి. నంబరు పెట్టి పిలుస్తారు."

తాతగారు వేదిక వైపు చూశారు. తరవాత నెమ్మదిగా అన్నారు: "పంతులుగారూ, ఈ వేదిక మీద పాడినవాళ్లని మేము విన్నాం. మమ్మల్ని ఎవరూ వినలేదు. అయినా అది వదిలేయండి. పేరు లేకుండా పాడాలంటున్నారే, మాకు మిగిలిందే పేరు. అది గుమ్మం బయట వదిలి వెళితే లోపలికి వెళ్లేది ఎవరు?"

నా ఒళ్లు గర్వంతో జలదరించింది. ఆయన చెప్పింది నిజమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆ పిల్ల మాత్రం వ్యాను ఎక్కి వెళ్లింది. నంబరుగా పాడింది. నెగ్గింది. తరవాత ఒకరోజు వెళ్లి రికార్డింగు ఇచ్చి వచ్చింది. దానికి గుమ్మం బయట వదలడానికి ఏమీ లేదు కాబట్టి సులువుగా లోపలికి వెళ్లగలిగిందని నాకు నేను చెప్పుకున్నాను.

గోరింటాకు రుబ్బుతూ పెరట్లో ఆడపిల్లలు నన్ను ఆట పట్టించారు.

"దివాణం అమ్మాయి రేడియోలో పాడుద్దంట కదే!"

"ఏ దివాణం అమ్మాయే? దివాణంలో ఉండేదా, దివాణం వెనకాల ఉండేదా?"

నవ్వారు. నేను గోరింటాకు ముద్ద ఉన్నపళంగా వదిలేసి వచ్చేశాను. ఆ ఏడు నా అరచేతులు పండలేదు.

పాట వచ్చే శనివారం రానే వచ్చింది. దివాణంలో రెండు స్పీకర్ల కొత్త సెట్టు ఉంది, కలర్ టీవీ ఉంది. అయినా ఆ మధ్యాహ్నం వాళ్లమ్మ మళ్లీ మా గుమ్మంలో.

"బాబుగారండీ, మా పిల్ల పాట మీ రేడియోలో వినాలండి. మా సెట్టులో ఎంత గట్టిగా వస్తే ఏంటండీ? మీ ఇంట్లో తాంబూలం పడితేనే పాటని ఊరందరూ అనుకుంటారు."

"పడుతుందని చెప్పలేనమ్మా" అన్నారు తాతగారు.

"పడకపోయినా పర్లేదండి. పడలేదని తెలిసినా చాలు."

ఈ మాట తాతగారికి ఎంత నచ్చిందో ఆయన కండువా సర్దుకున్న తీరులో తెలిసింది. నేను లోపలికి వెళ్లి దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, సాయంత్రం కరెంటు పోవాలని. మా ఊళ్లో కరెంటు అడక్కుండానే పోయేది. ఆ ఒక్క సాయంత్రం పోలేదు.

ఆకులు కడిగాను. మంచి ఆకులే ఏరాను, అందులో లోపం చెయ్యలేదు. పని పనే. పంతులుగారు వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఆ పిల్ల నా పక్కనే చాప మీద, చాప పుల్లలు లాగుతూ. రేడియో వేడెక్కింది, వాసన వచ్చింది, తంబూరా వచ్చింది. నా పక్కన కూర్చున్న పిల్ల ఎదురుగా ఉన్న పెట్టెలోంచి పాడింది.

ఆ పాట నాకు అక్షరం అక్షరం తెలుసు. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు. తడబడుతుందేమోనని ఎదురుచూసిన చోట తడబడలేదు. పంతులుగారి దెబ్బలన్నీ ఆ తాళంలో వినపడ్డాయి. పల్లవి ఒకటి, రెండు, మూడు మలుపులు తిరిగింది. తరవాత పై షడ్జమం దాకా వెళ్లి, అందుకోకుండా, మెట్టు దిగి, చిరునవ్వుతో కూర్చుంది.

నా సంగతి.

తాతగారి కళ్లు తెరుచుకున్నాయి. పాట మధ్యలో ఆయన కళ్లు తెరవడం నేను అంతకు ముందు చూడలేదు.

పాట అయిపోయింది. అనౌన్సరు వార్తల గురించి ఏదో చెబుతుంటే నాయనమ్మ లేచి రేడియో ఆపింది. తాతగారు "బావుంది" అనలేదు. చెయ్యి చాచారు. నేను పళ్లెం అందించాను. ఆయన లేచి నిలబడ్డారు. రేడియో వైపు ఒక అడుగు వేసి ఆగారు. ఎన్నో ఏళ్ల తరవాత, పాడిన మనిషి ఆ సావిట్లోనే ఉంది. వెనక్కి తిరిగి నా తల మీదుగా పళ్లెం ఆ పిల్ల చేతుల్లో పెట్టారు.

వాళ్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు ఏడుపు రాలేదు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఆ నాలుగో సంగతి నాది."

పంతులుగారు నేల చూశారు. ఆ పిల్ల పళ్లెం పట్టుకునే, కాస్త కూడా తొట్రుపడకుండా అంది: "అవునండీ తాతగారూ. అది అక్కదే. నేను అక్క దగ్గరే నేర్చుకున్నాను. అక్కడ ఆ గదిలో కూడా అక్కని తలుచుకునే పాడాను."

కాదన్నా బాగుండును. అబద్ధమాడినా బాగుండును. నాకు దెబ్బలాడటానికి కూడా ఏమీ మిగల్చలేదు.

తాతగారు నా వైపు చూశారు. కోపం లేదు. "పుట్టింది నీకేనేమో. బతికింది అక్కడ" అన్నారు.

వెళ్లొద్దన్నది మీరే కదా అని నేను అనలేదు. అలాంటి మాటలు మా ఇంట్లో పెద్దవాళ్లని అనరు. ఆయనకీ అది తెలుసు. మర్నాడు ఆదివారం పొద్దున రేడియో పాఠం పెట్టలేదు. రేడియోని వేదిక మీంచి దించి కింద పెట్టించారు. వేదిక మీద చాప వేయించారు. ఇత్తడి పళ్లెంలో ఆకులు ఆయనే సర్దుకున్నారు. తెల్లటి కండువా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని, "రామ్మా, పాడు" అన్నారు.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఇన్నేళ్లూ నేను కోరింది అదే. చాప, ఆకులు, ఆయన. కానీ ముందు రోజు నోరు తెరిచి అడిగితే వచ్చింది. అడిగితే ఇచ్చే తాంబూలం మా ఇంటి తాంబూలం కాదని నాకు నేర్పింది ఆయనే.

"గొంతు బాగాలేదు తాతగారూ" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. తప్పు పట్టినట్టు కాదు. తన ముక్కు, తన కళ్లు, తన నడుము నాలో చూసుకుంటున్నట్టు. తరవాత నెమ్మదిగా అన్నారు.

"ఆకులు తడిగుడ్డలో పెట్టమ్మా."

మళ్లీ ఎప్పుడూ ఆయన నన్ను పాడమనలేదు. రెండు వానాకాలాలు గడిచాక పోయారు. రొయ్యలకి జబ్బు వచ్చి దివాణం వాళ్లు చెరువులు ఎండగట్టుకుని కాకినాడ వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆ పిల్ల సావిడికి వచ్చి వేదికకి దణ్ణం పెట్టి, "అక్కా, నువ్వు పాడటం మానకు" అంది. మానేశాను. ఆ పిల్ల చెప్పిందని పాడతానా? రేడియో ఎక్కడికి పోయిందో తెలియదు. పెళ్లయి రాజమండ్రి వచ్చేటప్పుడు ఇత్తడి పళ్లెం మాత్రం తెచ్చుకున్నాను.

పోయిన శనివారం ఫోన్లో ఆవిడ అదే కల్యాణి పాడింది. గొంతు ఇప్పుడు ముదురు బెల్లంలా ఉంది. మూడు సంగతులు అయ్యాయి. నాలుగోది వచ్చింది. నేను వదిలిన చోటే ఆగి, ఇంకొక మెట్టు దిగింది. నాకు ఎన్నడూ తట్టని మెట్టు. ఆ పిల్ల ఇన్నేళ్లూ దాన్ని పెంచి పెద్ద చేసింది. నాకు మళ్లీ గోరింటాకు వదిలేసి వచ్చిన రోజులా ఒళ్లు మండింది.

"బాగా పాడారు కదమ్మా ఆవిడ?" అంది మా అమ్మాయి.

"బావుంది" అన్నాను.

అది తన గదిలోకి వెళ్లాక పై అలమారలోంచి పళ్లెం దించాను. పూజ కోసం తెచ్చిన ఆకులు ఉంటే కడిగాను, తుడిచాను, రెండు ఏరి పళ్లెంలో పెట్టాను. వక్క పెట్టాను. అరటిపండు పెట్టాను. ఫోను ముందుకి జరపబోయి ఆగాను.

ఆ సంగతి నాది. ఎవరి తాంబూలం వాళ్లే ఇచ్చుకునే ఆచారం మా ఇంట్లో లేదు.

ఆకులు మళ్లీ తడిగుడ్డలో చుట్టి పెట్టాను.